ముందే గడిపేసిన వానాకాలం

వకుళ గారు కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట, "వాన తగ్గిందా?" అని.

నేను కిటికీ వైపు చూశాను. బయట ఏప్రిల్ ఎండ. ఎదురు మేడ మీద ఎవరో ఆరేసిన వడియాలు అప్పుడే ఎండి ముడుచుకుంటున్నాయి.

"వాన లేదు మేడమ్. ఇది వేసవి," అన్నాను.

నా ఉద్యోగం అదే. తొట్టిలోంచి లేచిన మనిషికి ఇది ఏ కాలమో నెమ్మదిగా చెప్పడం.

ఆవిడ లేచి కూర్చుని, నుదుటికి అంటిన జిగురు తుడుచుకున్నారు. నేను పళ్ళెం అందించాను. పొద్దున లోపలికి దిగే ముందు ఆవిడే సగం తిని వదిలేసిన ఉప్మా పెసరట్టు. చల్లారి బిగుసుకుపోయింది. మా ఆఫీసులో అదొక ఆచారం. తొట్టిలోకి దిగేవాళ్ళు ఏదైనా సగం తిని, మిగతా సగం బయట వదలాలి. లేచాక ఆ సగం తినాలి. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలీదు. నాలుక మీద పొద్దుటి అల్లం పచ్చడి మళ్ళీ తగిలితే గానీ ఇది అదే రోజని లోపల్నించి వచ్చిన మనసు ఒప్పుకోదు. ఆ పళ్ళేన్ని కాకుల నుంచీ, మా డైరెక్టరు గారి నుంచీ కాపాడడం కూడా నా పనే.

"ఇది నేను తిన్నదేనా తాయారూ?"

"మీరు తిన్నదేనండి. ఉప్మాలో జీడిపప్పు ఏరి పక్కన పెట్టారు చూడండి."

ఆవిడ జీడిపప్పు వైపు చాలాసేపు చూసి, ఒకటి నోట్లో వేసుకున్నారు. అప్పుడే డైరెక్టరు ఇమ్మానుయేలు గారు తలుపు తోసుకుని వచ్చారు. ఆయన ఎప్పుడూ ముందు ఆ ప్రశ్నే అడుగుతారు.

"ఎప్పటికవుద్దమ్మా?"

"దసరాకి," అన్నారు వకుళ గారు. "దసరా దాటినా దాటొచ్చు."

ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు. మాకు కావలసింది వానలకి ముందు. దసరా అంటే వానలన్నీ అయిపోయాక.

మా కంపెనీ చిన్నది. రాజమండ్రిలో దానవాయిపేటలో, ఒక కంటి డాక్టరు గారి క్లినిక్ పైన రెండు అంతస్తులు. వేరేవాళ్ళకి కావలసిన సాఫ్ట్‌వేర్ రాసిపెట్టడం మా వృత్తి. ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న పనిలో ఉండదు, పనికి ముందే ఉంటుంది. ఎప్పటికవుతుంది? గోడ కట్టే తాపీమేస్త్రిని అడిగితే చెప్పేస్తాడు, అలాంటి గోడలు వంద కట్టి ఉంటాడు కనక. మాకు ఒకసారి కట్టిన గోడ మళ్ళీ కట్టాల్సిన అవసరమే రాదు, దాన్నే నకలు తీసి పెట్టేస్తాం. కట్టాల్సి వచ్చిన ప్రతి గోడా అందుకే మొదటి గోడ. ఎంత పడుతుందో కట్టేదాకా తెలీదు.

ఇమ్మానుయేలు గారు ఒకప్పుడు ఒక పెద్ద సంస్థకి నోటికొచ్చినట్టు "మూడు నెలలు" అని మాటిచ్చారట. ఏడాదిన్నర పట్టింది. సగం మంది ఉద్యోగం మానేశారు, ఒకతని పెళ్ళి ముహూర్తం రెండుసార్లు మారింది, ఈయనకి బీపీ వచ్చింది. ఆ తరవాత ఆయన చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పడేసి తొట్టి కట్టారు. ఆయన పెట్టుకున్న పేరు పూర్వానుభవ యంత్రం. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో స్నానాల తొట్టిలా ఉంటుంది కాబట్టి అందరం తొట్టి అంటాం.

ఆయన ఆలోచన తేలికైనదే. ఒక పనికి ఎంతకాలం పడుతుందో తెలుసుకోవడానికి నమ్మకమైన దారి ఒక్కటే, ఆ పని చేసి చూడడం. మరి కలలో మనిషి కునుకుపాటులో ఊళ్ళు తిరిగొస్తాడు కదా. తొట్టిలో పడుకుని తలకి టోపీ తగిలించుకుంటే, మా జట్టు పాత పనుల లెక్కలూ, ఎవరు ఎలా పనిచేస్తారన్నదీ, కొత్తగా చేయాల్సిన పనీ అన్నీ మనసులోకి ఎక్కుతాయి. టిఫిన్ వేళకి దిగిన మనిషి భోజనం వేళకి లేచేలోపు ఆ పని మొత్తం బతికేస్తాడు. ప్రతి పొరపాటూ, ప్రతి దిద్దుబాటూ, మధ్యలో వచ్చే జ్వరాలూ, సెలవులూ అన్నీ. తొట్టి మనకి తెలియని కొత్త సంగతి ఏదీ చెప్పదు. తెలిసీ పట్టించుకోనివన్నీ తెచ్చి ముందు పెడుతుంది. లేచి చెప్పిన తేదీ అంతవరకూ ఎప్పుడూ తప్పలేదు.

బయట మాకు ఒక పూట గడుస్తుంది. లోపలున్నవాళ్ళకి మాత్రం ఆ నెలలన్నీ నిజంగానే గడుస్తాయి.

ఈసారి పని గవ్వలవాగుది, జట్టుని నడిపే వకుళ గారు దిగింది దానికే. ఏజెన్సీ కొండల్లో పుట్టి, పల్లాల్లోకి వచ్చేసరికి ఒక్కసారిగా పొంగే వాగు అది. దాని ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. వాగులో స్తంభం పాతి, నీటిమట్టం పెరగ్గానే ఊళ్ళో అన్ని ఫోన్లూ మోగేలా చేయమని సంఘం కార్యదర్శి నూకరాజు గారు మా దగ్గరికి వచ్చారు. నిరుడు నాట్లకి వెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళు ఇంటికొస్తూ ఆ వాగులో కొట్టుకుపోయారు. ఒకావిడ ఆయన వదిన. ఆ సంగతి ఆయన ఒక్కసారే చెప్పారు, మజ్జిగ గ్లాసు చేతిలో తిప్పుకుంటూ.

తొట్టి దిగినవాళ్ళని ఆ రోజు బయట కనిపెట్టుకుని ఉన్న మనిషి ఇంటిదాకా దిగబెట్టి, కాసేపు ఉండి రావాలన్నది మరో నియమం. సాయంత్రం ఆటోలో వకుళ గారితో లాలాచెరువు దగ్గర వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ భర్త వీర్రాజు గారు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"రావమ్మా తాయారూ. ఈసారి ఏ నెల నుంచి తీసుకొచ్చావు మా ఆవిణ్ణి?"

"అక్టోబరండి."

"అయితే నా పుట్టినరోజు అయిపోయిందన్నమాట. ఏం కొన్నావోయ్ నాకు?"

"నీలం గళ్ళ చొక్కా," అన్నారు వకుళ గారు చెప్పులు విప్పుతూ.

"బాగుందా?"

"పొట్ట దగ్గర బిగుతైంది."

"ఇదిగో, ఇలాంటివి ముందే తెలుస్తాయనే నేను ఆ తొట్టిని ఏమీ అనను," అని ఆయన నాకు కుర్చీ లాగారు. నవ్వుతున్నారు గానీ కళ్ళు ఆవిణ్ణే చూస్తున్నాయి.

వాళ్ళమ్మాయి మేదిని లెక్కల పుస్తకం వదిలేసి పరిగెత్తుకొచ్చింది. రెండో తరగతి. వకుళ గారు వంగి దాని గడ్డం పట్టుకున్నారు.

"నోరు తెరు. కొత్త పన్ను ఎంతదాకా వచ్చిందో చూద్దాం."

మేదిని నోరు తెరవలేదు. తండ్రి వైపు చూసింది. తరవాత పెదవి కొంచెం పక్కకి లాగి, ముందు పన్నుని నాలుకతో కదిపి చూపించింది.

"పాతదే ఇంకా ఊడలేదమ్మా."

"అవును కదూ," అన్నారు వకుళ గారు. దాని తల నిమిరారు. లోపలికి వెళ్ళి ముఖం కడుక్కోవడానికి మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది.

మేదిని నా పక్కకి వచ్చి కూర్చుని మెల్లిగా అడిగింది. "అక్కా, లోపల నేనుంటానా?"

"ఉంటావు. అమ్మ మనసులో ఉన్నవన్నీ ఉంటాయి."

"ఆ నేను బాగుంటానా?"

ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో మా నియమాల్లో లేదు. "నీలానే ఉంటావు," అన్నాను. అది నమ్మినట్టు లేదు.

దసరా అంటే నూకరాజు గారు ఒప్పుకోలేదు. ఆయన్ని తప్పుపట్టలేం. "మా వాగుకి కేలెండరు తెలీదండి," అన్నారు ఫోన్‌లో. పని తగ్గించమన్నారు. అన్ని ఊళ్ళూ వద్దు, పైన ఉన్న మూడు ఊళ్ళకి చాలన్నారు. వకుళ గారు మళ్ళీ దిగారు. ఒకే పనికి రెండోసారి దిగడం మా దగ్గర అదే మొదలు. లేచి వినాయక చవితి అన్నారు. మరుసటి వారం ఇంకొంచెం తగ్గించారు, సంఘంవాళ్ళు ఫోన్‌లో నీటిమట్టం చూసుకునే తెరలన్నీ తీసేసి మోగే ఫోన్లు మాత్రం ఉంచారు. మూడోసారి లేచి తొలి ఏకాదశి అన్నారు.

ఇమ్మానుయేలు గారు చప్పట్లు కొట్టారు. ఆ రోజు అందరికీ కోనసీమ నుంచి పూతరేకులు తెప్పించారు.

ఆ మూడు వారాల్లో వకుళ గారు ఏడాది పైనే గడిపేశారు. చూడ్డానికి ఏ మార్పూ లేదు. ఒక్క వెంట్రుక తెల్లబడలేదు. కానీ ఆఫీసులో ప్రోగ్రాములు రాసే కరీముల్లా చెప్పిన జోకుకి ఆవిడ ముందే నవ్వేసేవారు. అతను చెప్పకముందే. "మీకెలా తెలుసు మేడమ్?" అని అతను బిక్కమొహం వేసేవాడు. క్యాంటీన్‌లో చట్నీ మార్చమని చెప్పిన మనిషి మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. చాలాసార్లు చెప్పాననీ, వినరనీ ఆవిడ అనుకుంటున్నారు. ఆవిడ ఆ మాట బయట ఒక్కసారే చెప్పారు.

మూడోసారి తరవాత ఇంటికి దిగబెట్టడానికి వెళ్ళినప్పుడు మేదిని వీధి మెట్ల మీదే కూర్చుని ఉంది. గుప్పిట మూసుకుని ఉంది. మేము దగ్గరికి రాగానే గుప్పిట విప్పింది. అరచేతిలో చిన్న పన్ను, ఒక కొసన ఇంకా ఎర్రగా.

వకుళ గారు దాన్ని చూసి అలసటగా నవ్వి, "మళ్ళీనా?" అన్నారు.

ఆ మాట నోటివెంట వచ్చిన క్షణమే ఆవిడకి తెలిసింది. మేదిని గుప్పిట మూసేసింది. ఏడవలేదు. "ఇదే మొదటిసారి," అంది, బడిలో టీచరుకి జవాబు చెప్పినట్టు. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

వకుళ గారు ఆ మెట్టు మీదే కూలబడ్డారు. నేనూ పక్కన కూర్చున్నాను. వీర్రాజు గారు కిటికీలోంచి చూసి, బయటికి రాకుండా ఆగిపోయారు.

"మొదటిసారి లోపల ఊడినప్పుడు ఎంత హడావిడి చేశానో తెలుసా," అన్నారావిడ. "పక్కింటివాళ్ళని పిలిచి చూపించాను. ఫొటో తీశాను. రెండోసారి కూడా బానే చేశాను. మూడోసారి ఊరికే తల నిమిరాను. ఇక ఈ అసలుదానికి వచ్చేసరికి నా దగ్గర ఏమీ మిగల్లేదు తాయారూ."

ఆవిడ మనసు మళ్ళిద్దామని పని సంగతి ఎత్తాను. మొదటిసారి లేచినప్పుడు ఆవిడ గేదెల గురించి చాలాసేపు మాట్లాడారు. గేదెలు వాగులోకి దిగితే వీపు గీరుకోవడానికి స్తంభం దొరికినట్టే. అవి రాసుకుంటే స్తంభం ఊగుతుంది, నీరు పెరిగిందని యంత్రం అనుకుంటుంది, ఊరంతా ఫోన్లు మోగుతాయి. రెండుసార్లు ఉత్తినే మోగితే మూడోసారి ఎవరూ లేవరు. గేదె కదలికకీ వరద కదలికకీ తేడా పట్టడం లోపల అన్నిటికంటే ఎక్కువ కాలం తిన్నదని ఆవిడే చెప్పారు. రెండోసారి ఆ మాట తగ్గింది. మూడోసారి అసలు రాలేదు.

"గేదెల సంగతి ఎవరు రాస్తారండి? కరీముల్లా గారా?" అని అడిగాను.

"అదెప్పుడో అయిపోయిందిగా."

"ఎక్కడ అయిపోయిందండి?"

ఆవిడ నోరు తెరిచి, ఆగిపోయారు. వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"లోపల," అన్నారు చివరికి. "నేను లోపల రాశాను. కరీముల్లా ఇంకా గేదె అన్న మాటే వినలేదు."

తరవాత మెల్లిగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు అన్నారు. "పని తగ్గినందుకు రోజులు తగ్గలేదు. నేను నేర్చుకున్నందుకు తగ్గాయి. ఇంకోసారి దిగితే రేపే అయిపోతుందని చెబుతాను."

శుక్రవారం నూకరాజు గారు వస్తారు. ఆ రోజు మేము తేదీ రాసివ్వాలి. ఇమ్మానుయేలు గారు గురువారం పొద్దున్నే తొట్టిలో కొత్త నీళ్ళు నింపించారు. తొలి ఏకాదశిని కూడా ఒక పది రోజులు ముందుకి జరపగలమేమో ఆఖరుసారి చూడమని ఆయన కోరిక. వకుళ గారు ఆ రోజు టిఫిన్ డబ్బా తేలేదు. అది చూసి నాకు సగం అర్థమైంది.

"దిగనండి," అన్నారావిడ.

"ఒంట్లో బాలేదా? పోనీ సోమవారం చూద్దాం."

"ఒంట్లో బానే ఉంది. సోమవారం కూడా దిగను. తొలి ఏకాదశి అబద్ధం సార్. నేను చెప్పిన తేదీలో తప్పు లేదు, కానీ అది నా తేదీ. ఈ పని రెండుసార్లు చేసేసిన మనిషికి పట్టే కాలం అది. వీళ్ళెవరూ ఒక్కసారి కూడా చేయలేదు."

ఇమ్మానుయేలు గారు తెలివైన మనిషి. రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"అయితే అందరినీ ఒక్కోసారి దింపుదాం," అన్నారు. "అందరూ నేర్చుకుంటారు. అందరికీ ఒకే తేదీ వస్తుంది."

"దింపొచ్చు. కరీముల్లాకి రెండు నెలల పాప ఉంది. అతను లేచేసరికి ఆ పాప అతని మనసులో పాకుతుంటుంది. ఇంటికెళ్తే ఉయ్యాల్లో ఉంటుంది. అతనికి ఏ మెట్టు మీద కూర్చోవాలో మీరు చెబుతారా?" ఆవిడ గొంతు పెరగలేదు. "మీరు మొదటిసారి దిగాక మళ్ళీ ఎందుకు దిగలేదు సార్? ఎప్పుడూ అడగలేదు."

ఆయన నా వైపు చూశారు. వెళ్ళిపోనా అన్నట్టు లేచాను. ఉండమని చెయ్యి ఊపారు.

"పరీక్షకని పెద్ద పని ఎక్కించాను అప్పుడు. రెండేళ్ళది," అన్నారు. "రెండో ఏడు మా అమ్మ పోయింది, లోపల. సమాధి చేయించాను. పాటలు పాడించాను. లేచేసరికి ఫోన్ మోగుతోంది. పులసలు దొరికాయి, పులుసు చేసి పంపనా అంటోంది అమ్మ. సంతోషించాలి కదమ్మా. కానీ ఏడ్వడం అయిపోయింది నాకు. ఇప్పటికీ ఆవిడ ఫోన్ చేస్తే త్వరగా పెట్టేస్తాను. ఎవరితో మాట్లాడుతున్నానో తెలీనట్టు ఉంటుంది."

"తెలిసి కూడా నన్ను దింపారు," అన్నారు వకుళ గారు. అందులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది.

"నీది ఆర్నెల్లే కదా అనుకున్నాను. ఆర్నెల్లలో ఏం పోతుందిలే అనుకున్నాను." ఆయన తల దించుకున్నారు. "మరి రేపు నూకరాజుకి ఏం చెబుదాం?"

"నిజం."

శుక్రవారం నూకరాజు గారు ఇస్త్రీ చొక్కాతో, మోటారు సైకిలు దుమ్ముతో వచ్చారు. వకుళ గారే చెప్పారు. తేదీ ఇప్పుడు చెప్పలేమని, తేదీ చెప్పడానికి ముందు మాకు ఒక పదిహేను రోజులు కావాలని, ఆ రోజుల్లో ఆయన కూడా వచ్చి మాతో కూర్చోవాలని.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "రోజు చెప్పడానికి రోజులు కావాలంటారేంటండి? పెళ్ళి ముహూర్తం పెట్టడానికి కూడా పంతులు గంట కూర్చుంటాడంతే."

"ఆ పంతులు గారు ఎన్ని పెళ్ళిళ్ళు చూసుంటారండి? మేము మీ వాగుని ఒక్కసారి కూడా చూళ్ళేదు," అంది కరీముల్లా పక్కసీటులో పనిచేసే అమ్మాయి, గోడ దగ్గర నిలబడి. అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఇప్పుడు తేదీ చెప్పి పంపడం నాకు తేలికేనండి," అన్నారు వకుళ గారు. "తొలి ఏకాదశి అంటాను. మీరు ఊరికెళ్ళి చెబుతారు. వాళ్ళు నమ్మి నాట్లకి వెళ్తారు. ఆ రోజు ఫోన్ మోగకపోతే?"

నూకరాజు గారి వదిన ఆ గదిలోకి వచ్చి నిలబడినట్టు అనిపించింది నాకు. తరవాత ఆయన చొక్కా చేతులు మడిచారు.

"ఎక్కడ కూర్చోవాలి?" అన్నారు.

హాల్లో నేలమీద జంపఖానా పరిచి కూర్చున్నాం. బల్లలన్నీ గోడకి జరిపేశాం. ఆ పదిహేను రోజులూ బయటివాళ్ళు ఎవరైనా చూస్తే మేము కబుర్లు చెప్పుకుంటున్నామనే అనుకుంటారు. ఒక్కరూ కంప్యూటరు ముట్టుకోలేదు. వకుళ గారు లోపల తను పడ్డ కష్టాలు ఒక్కొక్కటే చెప్పేవారు. ఎలా తీరిందో మాత్రం వెంటనే చెప్పేవారు కాదు. కరీముల్లా, మిగతావాళ్ళు తలలు బద్దలు కొట్టుకునేవారు. చాలావరకు ఆవిడకి తట్టిన దారికే వచ్చేవారు. కొన్నిసార్లు ఆవిడకి తట్టని దారికి వచ్చేవారు. అప్పుడు ఆవిడ ముఖంలో వెలుగు చూడాలి.

గేదెల గురించి విని కరీముల్లా ఒక పూటంతా నవ్వాడు. "ఏడేళ్ళు చదివింది గేదె వీపు దురదకి లెక్క కట్టడానికా," అన్నాడు. మర్నాడు పొద్దున నవ్వకుండా వచ్చాడు. "ఈ లెక్క వానలకి ముందు అవ్వదండి. నా వల్ల కాదు," అన్నాడు.

ఇమ్మానుయేలు గారు సగం మూసిన కళ్ళతో తొట్టి గది తలుపు వైపు చూశారు. చూసి, తల తిప్పేసుకున్నారు.

"అసలు ఈ ఏడాదికి స్తంభం ఎందుకు?" అన్నాడు కరీముల్లా మళ్ళీ. "వాగు పొంగిందని చూడ్డానికి పైన మనిషెవరూ ఉండరా?"

నూకరాజు గారు కొంచెం ఆలోచించారు. "ఎత్తిపోతల మోటారు దగ్గర అప్పలనర్స ఉంటాడు. వానాకాలం కూడా అక్కడే. మా వంతు నీళ్ళు వదిలేది ఆయనే. కానీ అక్కణ్ణుంచి అరిస్తే మాకు వినపడదు కదా."

"అరవక్కర్లేదు. ఒక మీట ఇస్తాం, నొక్కితే చాలు. ఆయనకి గేదెకీ వరదకీ తేడా తెలుసు కదా?"

"ఆయనకే నాలుగు గేదెలున్నాయండి," అన్నారు నూకరాజు గారు.

ఆ సాయంత్రానికి పని రెండు ముక్కలైంది. మొదటిది, అప్పలనర్స మీట నొక్కగానే మూడు ఊళ్ళ ఫోన్లూ మోగడం. దానికి ఎంత పడుతుందని వకుళ గారు అడిగితే, జంపఖానా మీద కూర్చున్న ఆరుగురూ ఇంచుమించు ఒకటే చెప్పారు. వానలకి ముందే. రెండోది స్తంభం, దాని లెక్క. అది వచ్చే ఏటికి. ఆ తేదీ ఇంకా తెలీదని కాగితం మీద అలాగే రాశారు. "తెలీదు అని రాసి సంతకం పెట్టిన మొదటి కంపెనీ మీదేనేమో," అన్నారు నూకరాజు గారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వెళ్ళేముందు అందరికీ పేరుపేరునా వెళ్ళొస్తానని చెప్పి మరీ వెళ్ళారు.

మే ఆఖరులో మొదటి ముక్కని పరీక్షించాం. సెలవులు కాబట్టి మేదినిని కూడా ఆఫీసుకి తెచ్చారు. ఈ మధ్య అది వాళ్ళమ్మకి ఏదైనా చెప్పేముందు ఒక క్షణం ఆగి ముఖం చూస్తోంది. ఇది ఆమెకి ముందే తెలుసా అని వెతుకుతున్నట్టు. వకుళ గారికీ ఆ సంగతి తెలుసు. తొందర పెట్టడంలేదు. ఆ రోజు ఇద్దరూ స్పీకరు పెట్టిన బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నారు, మధ్యలో జానెడు చోటు వదిలి.

కొండమీద అప్పలనర్స మీట నొక్కాడు. నొక్కానని స్పీకరులోంచి అరిచి చెప్పాడు కూడా. కొత్త నంబరైతే ఎవరూ ఎత్తరని, వంతు నీళ్ళ కోసం రోజూ పిలిచే నూకరాజు గారి నంబరే పెట్టాం, ఆయన గొంతే పెట్టాం. 'వాగొస్తంది, గట్టుకి రండి. ఇది పరీక్ష మాత్రమే.' మూడు ఊళ్ళలో ఫోన్లు మోగడం మొదలైంది. మా తెరమీద ఒక్కొక్క ఇల్లూ పచ్చబడింది. ఎత్తారు, ఎత్తారు, ఎత్తారు. కరీముల్లా గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

అంతలో బల్లమీద ఫోన్ మోగింది. ఎవరో తిరిగి చేశారు. నూకరాజు గారి నంబరు ఆ రోజు మా యంత్రానికి కలిపాం కాబట్టి ఆయనకి వచ్చే ఫోన్లూ మా బల్లకే వస్తాయి, కానీ ఎవరైనా తిరిగి చేస్తారని ఆ జంపఖానా మీద ఒక్కరికీ తట్టలేదు. వకుళ గారు ఎత్తారు.

"ఒరే నూకరాజూ," అంది ఒక ముసలావిడ గొంతు, గది నిండిపోయేలా. "పరీచ్చ పరీచ్చ అంటన్నావు, ఈ వయసులో నాకు పరీచ్చలేంట్రా. గట్టుకి రమ్మంటే వచ్చీసాను. మనవణ్ణి ఎత్తుకుని మరీ వచ్చీసాను. ఇక్కడెవరూ లేరు. పొయ్యిమీద చింతచిగురు పప్పు మాడిపోతంది. ఇంటికెళ్ళనా వద్దా?"

వకుళ గారు ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయారు. ముందు నాకు భయమేసింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. తరవాత చూస్తే నవ్వుతున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. ఇన్ని వారాల్లో ఎదుటివాళ్ళు మాట్లాడాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

"అమ్మా, ఎవరావిడ?" అని మేదిని ఆవిడ మోచెయ్యి పట్టుకుని లాగింది. "ఇప్పుడేం చెబుతావు?"

"నాకు తెలీదే," అన్నారు వకుళ గారు. జానెడు చోటు దాటి కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఫోన్ ఇద్దరి చెవులకీ మధ్య పెట్టుకున్నారు. "నాకు అస్సలు తెలీదు. ఉండు, అడుగుదాం."